మర్యాద లేని వాక్యం

ఆ వానాకాలం మొదలయ్యేసరికి సుప్రప్తికి గొంతు సగం పోయింది. మాట్లాడటం తగ్గించమన్నాడు డాక్టరు. మాట్లాడటమే ఉద్యోగమైన మనిషికి ఆ సలహా ఎందుకూ పనికిరాదని ఆయనకూ తెలుసు. అందుకే ఆ మాట అనేటప్పుడు ఆమె మొహంలోకి చూడలేదు.

సాలతిగా ఊళ్ళో కొండవైపు ఎక్కే రోడ్డు మీద, డచ్చివాళ్ళు వదిలేసి వెళ్ళిన ఒక పాత బంగళాలో, విదేశీయులకు ఇండోనేషియా భాష నేర్పే బడి నడుస్తోంది. సుప్రప్తి అక్కడ ఇరవై ఏళ్ళ పైనుంచి పాఠాలు చెబుతోంది. చర్చి పనుల మీద వచ్చే అమెరికా దంపతులు, పరిశోధనలంటూ వచ్చే కుర్రవాళ్ళు, ఇక్కడి అమ్మాయిల్ని పెళ్ళాడిన ఆస్ట్రేలియా అల్లుళ్ళు, ఈ మధ్య ఫ్యాక్టరీల మేనేజర్లు. ఎవరొచ్చినా మొదలు ఒకటే. మీ పేరేమిటండీ? ఏ ఊరు? భోంచేశారా? ఈ బొప్పాయి ఎంత? అబ్బో, అంతా! కాస్త తగ్గించండి. లేని బొప్పాయిని ఇన్నేళ్ళుగా బేరమాడీ ఆడీ, బజారులో నిజం బొప్పాయి కనబడితే మొహం తిప్పుకుని పోయే స్థితికి వచ్చిందామె. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా నవ్వు మొహంతో కాచుకోవాలి. సాయంత్రానికి ఆ నవ్వు దవడల్లో నొప్పిగా మిగిలేది.

ప్యో తే-సక్ ఆమె దగ్గరికి వచ్చింది అలాంటి రోజుల్లోనే. కొరియా మనిషి, యాభై దాటినవాడు. ఊరి బయట హైవే పక్కనున్న బూట్ల ఫ్యాక్టరీలో కుట్టు విభాగానికి కొత్త మేనేజరు. మధ్యాహ్నం పని ముగించుకుని, చొక్కాకి జిగురు వాసనతో వచ్చి కూర్చునేవాడు. మొదటిరోజే పుస్తకం మూసేసి, వచ్చీరాని మాటల్లో తనకేం కావాలో చెప్పాడు.

"బొప్పాయి వద్దు. నాకు ఇవి కావాలి. త్వరగా. తప్పు. మళ్ళీ చెయ్యి. ఎవరు చేశారు. అంతే."

"అవన్నీ ఒక గంటలో నేర్పేస్తాను ప్యో గారూ. ఆ మర్నాటి నుంచి మీ మాట ఎవరూ వినరు. తలలూపుతారు."

"తలూపితే విన్నట్టు కదా?"

"ఇక్కడ కాదు," అంది సుప్రప్తి.

అతను పుస్తకం మళ్ళీ తెరిచాడు. అంతకన్నా వాదించే ఓపిక ఇద్దరికీ లేదు.

నేర్పింది. వయసులో పెద్దదాన్ని 'బు', అంటే అమ్మా, అనాలి, చిన్నదాన్నయినా అక్కా అని పిలవాలి. నువ్వు అనే మాట నోట్లోంచి రాకూడదు. వేలు పెట్టి చూపకూడదు, బొటనవేలు చాపి చూపాలి. తప్పు జరిగితే నలుగురిలో అడగకూడదు. ముందు ఒంట్లో ఎలా ఉందో అడగాలి, తర్వాత ఇంట్లో ఎలా ఉందో అడగాలి, ఆ తర్వాత ఎవరి తప్పో తెలియనట్టు పనిగురించి ఎత్తాలి. కాదు అని మొహం మీద చెప్పకూడదు. ప్యోకి ఇదంతా చుట్టూ తిరిగి ఇంటికి చేరడంలా అనిపించేది. అయినా ఒక్కరోజూ మానలేదు. అద్దెకున్న గదిలో అతనితో మాట్లాడేవాళ్ళు లేరు, ఫ్యాక్టరీలో తోటి మేనేజర్లంతా తన దేశం వాళ్ళే. అందుకని ఈ భాషంతా అతనికి ఒక్క సుప్రప్తి నోటినుంచే వచ్చింది.

దాని ఫలితం ఆమెకి ఇంట్లో తెలిసింది.

సుప్రప్తి అక్క కూతురు ఎస్తి ఆమె దగ్గరే ఉండేది. పైన గెతాసన్‌లో క్యాబేజీ మళ్ళు చేసుకునే అక్క, ఫ్యాక్టరీ బస్సు ఈ వీధి చివర ఆగుతుందని కూతుర్ని చెల్లెలి దగ్గర ఉంచింది. భర్త పోయిన తర్వాత సుప్రప్తికీ తోడు కావలసి వచ్చింది. ఎస్తి పనిచేసేది ప్యో మేనేజరుగా ఉన్న ఫ్యాక్టరీలోనే. ఆ సంగతి సుప్రప్తి ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. పాఠాల సంగతులు ఇంటికి మోసుకురావడం మానేసి చాలా ఏళ్ళయింది.

ఒక సాయంత్రం అన్నం పెట్టుకుంటూ ఎస్తి ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టింది.

"పిన్నీ, మా కొత్త మేనేజరు అచ్చం నీలా మాట్లాడతాడే!"

"నాలానా?"

"ఒట్టు! ఆడవాళ్ళంతా పడిపడి నవ్వుతున్నారు. చూడు." ఎస్తి చెంచా పక్కనపెట్టి లేచి నిలబడింది. వీపు కాస్త వంచి, బొటనవేలు చాపి, గొంతు సన్నం చేసింది. "'అయ్యో, ఇదేంటమ్మా ఇలా వచ్చింది ఈ కుట్టు? ఒంట్లో బాగుందా తల్లీ? రాత్రి నిద్ర పట్టిందా? మరి కాస్త చూసుకోవాలి కదమ్మా!' ఇంత లావు మగాడు పిన్నీ! పైగా చివర్లో నీలాగే నాలుక టక్కుమనిపిస్తాడు."

సుప్రప్తికి నవ్వాగలేదు. నవ్వు దగ్గులోకి దిగింది. ఎస్తి వీపు రుద్దుతూ అడిగింది: "ఏయ్, నువ్వే నేర్పుతున్నావా ఏంటి?"

"నేనే."

"ఓరి దేవుడా! ఈ మాట మా లైన్లో చెప్తే చచ్చిపోతారు నవ్వి."

చెప్పింది కూడా. ఆ తర్వాత ఎస్తి కుట్టే నాలుగో లైను ఆడవాళ్ళు అతన్ని వెనకాల 'బు ప్యో' అని పిలవడం మొదలుపెట్టారు. ఎగతాళే, కానీ పాత మేనేజరుకి పెట్టిన పేర్లతో పోలిస్తే అది ముద్దుపేరు. అతను అడిగితే పని జరిగేదని ఎస్తే ఒప్పుకుంది.

ప్యో చదువు ముగిసింది. తర్వాత బడికి ఫిన్లాండు నుంచి ఒక జంట వచ్చారు, మళ్ళీ బొప్పాయి మొదలైంది.

వానలు బాగా పట్టిన ఒక శనివారం మధ్యాహ్నం, బడి ఖాళీ అయ్యాక, సుప్రప్తి వరండాలో గొడుగు విప్పుతుంటే ప్యో గేటు తోసుకుని వచ్చాడు. చేతిలో వేరుసెనగ అచ్చుల పొట్లం. తడిసిన బూట్లు మెట్ల కిందే విప్పాడు.

"బు, ఒక్క పాఠం కావాలి. ఒకే ఒక వాక్యం."

"సోమవారం రండి. హందోయో గారితో చెప్పి..." హందోయో ఆ బడి పెద్ద.

"సోమవారం ఆలస్యం అవుతుంది."

గొడుగు మూసి కూర్చుందామె. అతను తడి జుట్టు తుడుచుకుని, మాట వెతుక్కుంటూ అన్నాడు:

"ఆఫీసు మీటింగులో ఒక మాట విన్నాను. దిరుమాకన్. రుమా అంటే ఇల్లు, మీరే చెప్పారు. అంటే ఇంట్లో ఉంచడం. ఇది మంచి మాటే కదూ?"

వాన చూరునుంచి ధారలుగా పడుతోంది.

"ఎవర్ని ఇంట్లో ఉంచుతారట?"

"మూడో లైను, నాలుగో లైను. ఆర్డర్లు వేరే దేశం పోయాయి. మంగళవారం చెప్పాలి. నేనే చెప్పాలిట. మేనేజర్లలో మీ భాష చక్కగా మాట్లాడేది నేనొక్కణ్ణేనట." ఆ పొగడ్త అతని నోట్లో చేదుగా పలికింది. "ఆఫీసువాళ్ళు నేర్పారు. వినండి. 'కొంతకాలం మీరు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి. పరిస్థితులు బాగుపడగానే మేమే పిలుస్తాం.' పలకడం సరిగ్గా ఉందా?"

పలకడం సరిగ్గానే ఉంది. ఎక్కడా తప్పు లేదు.

"పిలుస్తారా?" అని అడిగింది.

"మెషీన్లు అమ్మేశారు బు."

జబ్బు దేశమంతా పాకిన ఏడు, ఇదే వరండాలో, హందోయో గారు మాస్కు లోంచి అదే మాట పంతుళ్ళందరితో అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. సుప్రప్తి ఏడాది పైన ఎదురుచూసింది. ప్రతి సోమవారం జాకెట్టు ఇస్త్రీ చేసుకునేది. సెమరాంగ్‌లో ఒక కాన్వెంటులో వంటశాల చూసుకునే పని వస్తే, ఇక్కడినుంచి పిలుపు వస్తుందేమోనని వదులుకుంది. చివరికి ఆమెకి పిలుపు వచ్చింది. సగంమందికి రాలేదు. వాళ్ళలో ఒకావిడ మొన్న మొన్న బజారులో కనబడి, "నన్నెప్పుడు పిలుస్తారో ఏమైనా తెలిసిందా?" అని అడిగింది.

"ఈ వాక్యం నేను దిద్దను," అంది సుప్రప్తి.

"తప్పులున్నాయా?"

"తప్పులేం లేవు. ఈ మాట విన్నవాళ్ళు ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తారు ప్యో గారూ. వేరే పని వచ్చినా వెళ్ళరు. మీరు పిలుస్తారని."

అతని మొహం ముడుచుకుంది. "మీరే నేర్పారు. కాదు అని మొహం మీద చెప్పొద్దన్నారు. ఎదుటి మనిషి చిన్నబోకుండా చుట్టూ తిప్పి చెప్పమన్నారు. నేను కష్టపడి నేర్చుకున్నాను. ఇప్పుడు కాదంటే ఎలా?"

ఆమె గొడుగు తీసి గోడకి ఆనించింది.

"నేర్పాను. నిజమే. ఇవాళ అది పక్కన పెట్టండి." గొంతు సవరించుకుంది. "నా వెనకాల అనండి. పని అయిపోయింది."

"పని అయిపోయింది."

"మళ్ళీ పిలవం."

"మళ్ళీ పిలవం... కదమ్మా."

"కదమ్మా వద్దు. మళ్ళీ పిలవం. వేరేచోట వెతుక్కోండి. ఇవాళే మొదలుపెట్టండి."

అతనికి రాలేదు. మాటలు వచ్చాయి గానీ, ప్రతి వాక్యం చివరా ఆమె నేర్పిన మెత్తదనం దానంతటదే వచ్చి అతుక్కునేది. నాలుక టక్కుమనేది. ఆమె ఆపించేది, అతను మళ్ళీ మొదలెట్టేవాడు. చివరికి ఆమె లేచి, కుర్చీ జరిపి, అతని ఎదురుగా నిలబడింది.

"నేను మీ లైన్లో అమ్మాయిని అనుకోండి. చెప్పండి."

"పని అయిపోయింది. మళ్ళీ పిలవం."

"మేమేం తప్పు చేశాం?" అని అడిగింది సుప్రప్తి. పాఠం కోసం అడిగిన మాటే. కానీ గొంతు అలా పలకలేదు.

ప్యో తడబడ్డాడు. "తప్పు మీది కాదు."

"మరెవరిది?"

"దీనికి జవాబు నేర్పండి బు."

"దానికి నా దగ్గరా లేదు."

వాన కాస్త తెరిపి ఇచ్చింది. బూట్లు తొడుక్కుంటూ, తల ఎత్తకుండా అడిగాడతను: "మీ వాళ్ళెవరైనా ఉన్నారా అక్కడ?"

అబద్ధం ఆడే శక్తి ఆమెకి లేకపోయింది. "మా అక్క కూతురు. నాలుగో లైను."

అతను లేసులు కట్టడం ఆపేశాడు. తర్వాత చాలా నెమ్మదిగా, ఆమె నేర్పిన పద్ధతి ఏదీ లేకుండా అన్నాడు: "పేరు చెప్పండి. ఒక్క మనిషిని అయిదో లైనుకి మార్చగలను. సోమవారం సాయంత్రం లోపల."

"అక్కణ్ణుంచి ఎవర్ని తీస్తారు?"

"ఎవరో ఒకరిని."

"ఫోన్ చేస్తాను," అంది సుప్రప్తి.

ఆ రాత్రి ఎస్తి కాళ్ళు చాపుకుని టీవీ చూస్తూ జడ విప్పుకుంటుంటే సుప్రప్తి ఎన్నోసార్లు చెప్పబోయి మానుకుంది. ఆదివారం ఇద్దరూ కలిసి బట్టలు ఉతికారు. ఎస్తి తన పక్క మెషీను మీద కుట్టే ఆవిడ గురించి చెప్పింది. ఆవిడకి ముగ్గురు పిల్లలట, మొగుడు కాఫీ తోటల్లో పనికని సుమత్రా వెళ్ళాక కబురే లేదట. సుప్రప్తి ఊఁ కొడుతూ వింది. అయిదో లైనులోనూ ఇలాంటిదే ఒకావిడ ఉంటుంది. సోమవారం ఫిన్లాండు వాళ్ళకి కుటుంబ సభ్యుల పేర్లు చెప్పింది. అక్క, చెల్లి, పిన్ని. మధ్యాహ్నం ఫోను చేతిలోకి తీసుకుని, గొంతు బాగోలేదని తనకి తనే చెప్పుకుని, మళ్ళీ సంచిలో పెట్టేసింది. సాయంత్రం గడిచిపోయింది. అది న్యాయమనుకుని చేసిందో, ఒట్టి నీరసంకొద్దీ చేసిందో ఆమెకే తెలియలేదు.

మంగళవారం మధ్యాహ్నం పాఠం మధ్యలో కిటికీలోంచి చూస్తే, ఎస్తి మెట్ల మీద కూర్చుని ఉంది. ఫ్యాక్టరీ నీలం చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. సుప్రప్తి ఫిన్లాండు వాళ్ళకి రాయమని ఏదో పనిచెప్పి బయటికి వచ్చింది.

"పని పోయింది పిన్నీ," అంది ఎస్తి. ఏడవడం అప్పటికే అయిపోయింది. "అందర్నీ నిలబెట్టి చెప్పాడు. పని అయిపోయింది, మళ్ళీ పిలవం, ఇవాళే వేరేచోట వెతుక్కోండి. అంతే. ఆఫీసాయన పరుగెత్తుకొచ్చి, అలాక్కాదు, కొన్నాళ్ళు ఇంట్లో రెస్టు తీసుకోండి, అని ఏదో సర్దబోతే, ఈయన మధ్యలో ఆపి, 'లేదు. పిలవం. మెషీన్లు లేవు' అన్నాడు. ఆఫీసాయన మొహం మాడిపోయింది. మాలో ఒకావిడ కింద కూలబడిపోయింది. ఆవిడ పక్కన కూర్చుని తనూ ఏడ్చాడు, పిచ్చి మనిషి."

సుప్రప్తి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది.

"ఆ మాటలు ఆయనవి కావు," అంది ఎస్తి. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"శనివారం నుంచి."

ఎస్తి తల తిప్పి చూసింది. "ఆదివారం నాతో కూర్చుని బట్టలుతికావు."

చెప్పకుండా ఉంటే అక్కడితో సరిపోయేది. కానీ ఇంకోటి దాచి మోసే ఓపిక సుప్రప్తికి లేదు. "నీ పేరు చెప్తే అయిదో లైనుకి మారుస్తానన్నాడు. నేను చెప్పలేదు."

"ఎందుకు?"

"నీ బదులు ఇంకెవరినో తీసేసేవాళ్ళు."

"ఆ ఇంకెవరో నీకేమవుతారు పిన్నీ?" ఎస్తి గొంతు పెరగలేదు, అదే ఘోరంగా ఉంది. "నేను నీకేమవుతాను?"

లోపల్నుంచి ఫిన్లాండు ఆయన తలుపు దగ్గరికి వచ్చి, రాయడం అయిపోయిందని, ఎంతో జాగ్రత్తగా, ఒక్క తప్పూ లేకుండా చెప్పాడు. చాలా బాగుందండీ, వస్తున్నాను, అంది సుప్రప్తి. ఆమె లోపలికి వెళ్ళి పాఠం ముగించి వచ్చేసరికి మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఇంటికి వెళితే ఎస్తి బట్టలు లేవు. గెతాసన్ చేరిందని అక్క ఫోన్ చేసి చెప్పింది.

మూడో లైనుకి చెప్పే పని ప్యోకి ఇవ్వలేదు. ఆఫీసువాళ్ళే మైకు పట్టుకుని, ఎంతో మన్ననగా, కొంతకాలం ఇంటిపట్టున ఉండమన్నారు. వాళ్ళలో చాలామంది అలాగే ఇంట్లో ఎదురుచూస్తూ ఉండిపోయారు. నెలలు గడిచినా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి కాపలావాణ్ణి అడిగి వెళ్ళేవాళ్ళు. నాలుగో లైను ఆడవాళ్ళు మాత్రం ఆ వారమే చెల్లాచెదురయ్యారు. కొందరు బొయొలాలి వైపు బట్టల మిల్లుల్లో చేరారు, కొందరు సింగపూరు ఇళ్ళలో పనికి పేర్లిచ్చారు. ఎస్తి ఉంగారన్‌లో సంచులు కుట్టే చిన్న కార్ఖానాలో కుదిరింది. రోజూ కొండ దిగి ఎక్కడం కష్టమని అక్కడే ఒక గదిలో మరో ఇద్దరితో ఉంటూ, ఆదివారాలు తల్లి దగ్గరికి వచ్చి పోయేది. ప్యోని వాళ్ళ దేశానికి పిలిపించుకున్నారని హందోయో గారి ద్వారా తెలిసింది. వెళ్ళేముందు అతను బడికి రాలేదు. అతను వస్తే తను ఏం మాట్లాడి ఉండేదో సుప్రప్తి ఊహించుకోలేకపోయింది.

వానలు వెనకబట్టిన ఒక ఆదివారం ఆమె చిన్న వ్యాను ఎక్కి గెతాసన్ వెళ్ళింది. మెర్బాబు కొండ మొత్తం మబ్బులోనే ఉంది. అక్క పెరట్లో క్యాబేజీ ఆకులు వలుస్తోంది. ఎస్తి గట్టు మీద కూర్చుని క్యారెట్లు కడుగుతోంది. సన్నబడింది.

"కూర్చో," అంది అక్క. "టీ పట్టుకురావే," అని కూతురికి చెప్పి, బుట్ట ఎత్తుకుని కావాలనే ఇంటి వెనక్కి వెళ్ళిపోయింది.

ఎస్తి టీ తెచ్చి పెట్టింది. చక్కెర సుప్రప్తికి ఇష్టమైనంత ఎక్కువే వేసింది. మళ్ళీ వెళ్ళి క్యారెట్ల ముందు కూర్చుంది.

"పని ఎలా ఉంది?" అని అడిగింది సుప్రప్తి.

"నడుం పడిపోతోంది. అక్కడ కుర్చీలకి వీపు ఉండదు." కాసేపటికి తనే మళ్ళీ అంది: "అయిదో లైనూ పోయింది, తెలుసా? పోయిన వారం. అప్పుడు నన్ను మార్చినా ఈపాటికి ఇంట్లో ఉండేదాన్ని."

సుప్రప్తికి లోపల ఏదో కాస్త వదులైనట్టనిపించింది. అది తన మొహంలో కనబడిందేమో, ఎస్తి చేతిలోని క్యారెట్టు నీళ్ళలో పడేసింది.

"రెండు నెలలు ఆగేది ఉద్యోగం. రెండు నెలలంటే రెండు నెలలే పిన్నీ."

"అవును," అంది సుప్రప్తి.

"అవుననకు. ఏదైనా చెప్పు. నోరు తెరిస్తే మాటలే కదా నీకు."

"ఏం చెప్పమంటావే? అలిసిపోయాను ఎస్తీ. ఆ రోజు నీ పేరు చెప్పకపోవడం మంచిదని ఇప్పటికీ గట్టిగా అనలేను. చెప్పుంటే మంచిదని కూడా అనలేను. నీ మొహం మాత్రం గుర్తొస్తూ ఉంటుంది."

ఎస్తి క్యారెట్లు కడగడం ముగించి, చేతులు పైటకొంగులా భుజాన వేసుకున్న తువ్వాలుకి తుడుచుకుంది. సుప్రప్తి చల్లారిన టీ తాగింది. మబ్బు కొండ దిగి పెరటిదాకా వచ్చింది. చివరి వ్యాను పోతుందని అక్క లోపల్నుంచి కేకేసింది.

క్యాబేజీలు, క్యారెట్లు నింపిన సంచి ఎస్తే మోసుకుంటూ రోడ్డు దాకా వచ్చింది. ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. మలుపులో దీపాలు కనిపించాక ఎస్తి అంది:

"వచ్చే ఆదివారం రాకు. నేను ఉండను, ఓవర్‌టైము ఉంది."

"ఆ పై ఆదివారం?"

"చూద్దాం."

వ్యాను ఆగింది. ఎస్తి సంచి లోపలికి తోసి, పక్కవాళ్ళని కాస్త జరగమని అడిగి, పిన్ని కూర్చునేదాకా తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత తలుపు వేసేసి, తువ్వాలు తలమీద కప్పుకుని, ఎత్తు ఎక్కుతూ వెళ్ళిపోయింది.